పొట్టేలును ఎంచింది ఎవరు? నల్లగొర్రె నుంచి డార్పర్ దాకా మన మందల కథ

ఈసారి పోస్టు కొంచెం పొడుగే. గొర్లు ఉన్నోళ్లు, కొనాలనుకుంటున్నోళ్లు తీరికగా చదవండి.

మొన్న మా మేళ్లచెరువులో ఒక పిల్లగాడు ఫోన్ పట్టుకొని నా దగ్గరికి వచ్చిండు. డిగ్రీ అయిపోయింది. రెండెకరాల పొలం ఉంది, నాయన ఇచ్చిన నలభై గొర్లున్నయి. ఫోన్లో ఒక పొట్టేలు బొమ్మ చూపించిండు. తెల్లటి ఒళ్లు, నల్లటి తల, పీపా లెక్క గుండ్రంగా ఉంది.

"అన్నా, ఇది డార్పర్ అంట. దీన్ని మన గొర్ల మీద వదిలితే పిల్లలు నాలుగు నెలలకే కోతకొస్తయంట. లక్షకు పైనే చెప్తున్నరు. అప్పు చేసన్నా తెద్దామనుకుంటున్న, ఏమంటవ్?"

నేను అవుననలేదు, కాదనలేదు. "నీ మందలో మూడు నెలల పిల్ల ఎంత తూగుతది?" అని అడిగిన.

"ఎప్పుడు తూచినమన్నా, చూసుడే గదా" అన్నడు.

నిజం చెప్పాలంటే నాలుగేండ్ల కింద నన్నడిగినా అదే జవాబు. మన నల్లగొండ, పాలమూరు మెట్టల్లో వందేళ్లలో గొర్రె మూడు నాలుగు సార్లు మారింది. మారిన ప్రతిసారీ పొట్టేలును ఎవరో ఒకరు ఎంచారు. ఎవరు ఎంచారు, ఏ లెక్కన ఎంచారు అనేది తెలుసుకోకుండా ఇంకో జాతి కొనడమంటే పాత తప్పును కొత్త అప్పుతో చేయడమే. అందుకే ఈ కథ.

నల్లగొర్రె కాలం

మన తాతల కాలంలో పాలమూరు, నల్లగొండ, మెదక్ మెట్టల్లో మంద అంటే నల్లగొర్రె మందే. పుస్తకాల్లో దాన్ని దక్కనీ అంటారు. మహారాష్ట్ర, కర్ణాటక మెట్టల్లోనూ ఇదే. ఒళ్లు చిన్నది, ఉన్ని ముతక. ఏడాదికి రెండుసార్లు కత్తిరించినా ఒక గొర్రెకు వచ్చే ఉన్ని కిలో లోపే. ఆ కొంచెం ఉన్నితోనే ఎన్నో ఇళ్లు బతికాయి. కురుమ ఇళ్లలో ఆడవాళ్లు వడికేవాళ్లు, మగ్గం మీద గొంగడి నేసేవాళ్లు, చింతగింజల గంజి పెట్టి గట్టి చేసేవాళ్లు. గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, కల్లం కాడ పరుపు. బీరప్ప కొలుపులోనూ, పెళ్లిలోనూ గొంగడి పరవనిది పని జరిగేది కాదు.

రెండో రాబడి ఎరువు. కోతలయ్యాక చేన్లో మంద పెట్టించుకున్న రైతు కాపరికి గింజలు కొలిచేవాడు. మాంసం లెక్క చివర వచ్చేది. పండగకో, పబ్బానికో, బోనానికో ఒక యాట తెగేది.

అప్పుడు పొట్టేలును ఎంచింది కాపరి, నేతగాడు. ఉన్ని నల్లగా ఉందా, మైళ్లు నడుస్తదా, కరువులో ముళ్లకంప తిని నిలబడుతదా అని చూసేవాళ్లు. ఇంకోటి కూడా చూసేవాళ్లు, అది మనం మరిచిపోయినం. పొట్టేలు పిల్లను ఉంచుకునే ముందు దాని తల్లి పాలు చూసేవాళ్లు. రెండు పిల్లలను సాకిన తల్లి కొడుకునే మందకు ఉంచేవాళ్లు. కాటా లేకపోయినా లెక్క ఉండేది, ఎందుకంటే మందలో ప్రతి గొర్రె తల్లీ, అమ్మమ్మా కాపరికి తెలుసు.

కాలువ వచ్చింది, రోడ్డు వచ్చింది

1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పక్కల నేలను మార్చేసింది. జొన్న, సజ్జ చేన్లు పోయి వరి వచ్చింది. మన కడుపు నిండింది, కాదనను. కానీ గొర్రెకు మాత్రం బీడు తగ్గింది, బురద పెరిగింది.

ఉన్ని గొర్రె తడికి ఓర్వదు. నానిన ఉన్ని ఆరదు, గిట్టల సందుల్లో పుండ్లు లేస్తయి. కాలువ గట్ల మీద, పొలం గెనాల మీద నత్తలు పెరిగినయి. ఆ నత్తల కడుపులో పెరిగి గడ్డికి అంటుకునేదే కార్జపు జలగ. ఆ గడ్డి మేసిన గొర్రెకు దవడ కింద నీరు దిగి, ఒళ్లు పాలిపోయి, రక్తం లేక పడిపోతది. మెట్టలో బతికినంత కాలం నల్లగొర్రెకు ఈ బాధ పెద్దగా లేదు.

అదే కాలంలో ఉన్ని ధర కూడా పడిపోయింది. మిల్లు దుప్పట్లు, ప్లాస్టిక్ పట్టాలు ఊరూరా దిగినయి. కత్తిరించిన కూలి కూడా ఉన్నిలో రాని రోజొచ్చింది. ఇంకోపక్క హైదరాబాద్ పెరిగింది, తారు రోడ్డు పడింది, జియాగూడ మార్కెట్‌కు లారీలు నడిచినయి. గొర్రె విలువ వీపు మీది ఉన్నిలోంచి తొడలోని మాంసంలోకి మారింది.

అట్ల వచ్చింది నెల్లూరు గొర్రె. కోస్తా జిల్లాల జాతి. మన దేశపు గొర్రెల్లో ఎత్తైనదిగా దానికి పేరు. ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే, కాబట్టి కత్తిరింపు ఖర్చు లేదు. మూడు రకాలు. ఒళ్లంతా తెలుపైతే పల్ల, తెలుపు మీద మూతికీ కళ్లకూ నల్లమచ్చలుంటే జోడిపి, ఎరుపైతే దొర. మన పక్క ఎర్రగొర్రె అనేది ఈ దొర రకాన్నే. కృష్ణకు అవతల పల్నాడులో తెలుపు మీద నల్ల, గోధుమ మచ్చలున్న పెద్ద గొర్రెను మాచర్ల గొర్రె అంటారు. ఇన్నాళ్లూ నెల్లూరులోనే కలిపి లెక్కగట్టినా, ఈమధ్యే దాన్ని వేరే జాతిగా జాతీయ స్థాయిలో నమోదు చేశారు. ఏరు దాటితే మనకు చుట్టమే అది.

నెల్లూరు పొట్టేలును ఎంచింది దళారి కన్ను. సంతలో కాటా లేదు. పెబ్బేరు సంతైనా, ఇంకోటైనా, తువ్వాల కింద వేళ్లు పట్టుకొని బేరమాడే కాలం నుంచి నేటి దాకా ఎక్కువ బేరాలు కంటి అంచనా మీదే. కంటికి ముందు కనపడేది ఎత్తు. పొడుగు కాళ్ల పొట్టేలు దూరం నుంచే పెద్దగా కనపడుతది, ధర పలుకుతది. అందుకని మనం కూడా ఎత్తు చూసే పొట్టేళ్లను ఉంచినం. కానీ మాంసం ఉండేది కాలి పొడుగులో కాదు. వీపు వెడల్పులో, నడుములో, తొడలో. అంతకంటే ముఖ్యం, ఎన్ని నెలలకు ఆ బరువు వచ్చింది అనే దాంట్లో. అది కంటికి కనపడదు.

ఓడ వాళ్ల గొర్రెను మార్చింది

మనకు రోడ్డు చేసిన పని వేరే దేశాల్లో ఓడ చేసింది. న్యూజిలాండ్‌లో 1882 దాకా గొర్రె అంటే ఉన్నే. ఆ ఏడాది డునెడిన్ అనే ఓడ, మంచుయంత్రం పెట్టుకొని, దాదాపు 5000 గొర్రె కళేబరాలను లండన్‌కు పాడవకుండా చేర్చింది. అక్కడి నుంచి లెక్క మారింది. లండన్ కసాయికి లేత మాంసం కావాలి, చిన్న వయసు, నిండు ఒళ్లు, మరీ కొవ్వు ఉండొద్దు. దీన్నే వాళ్లు ప్రైమ్ ల్యాంబ్ అంటారు.

ఆస్ట్రేలియా రైతులు దానికి ఏం చేశారో చూడండి. తమ నేలకు అలవాటైన మెరినో గొర్రెను తీసేయలేదు. దాని మీద పాలు, కవలలు ఎక్కువిచ్చే బోర్డర్ లీసెస్టర్ పొట్టేలును వదిలి ఆడపిల్లలను తీశారు. ఆ ఆడపిల్లల మీద మాంసపు జాతి డార్సెట్ పొట్టేలును వదిలారు. ఆ చివరి పిల్లలు మార్కెట్‌కే, మందలో ఉంచరు. అంటే తల్లి ఒక పనికి, తండ్రి ఇంకో పనికి. అన్నీ ఒకే గొర్రెలో వెతకలేదు.

ఇప్పుడు ఫోన్లో పిల్లగాడు చూపించిన డార్పర్ కథ. 1930లలో దక్షిణాఫ్రికా మెట్ట రైతులకు మన లెక్కనే చిక్కొచ్చింది. వాళ్ల ఎడారి గొర్రె మాంసం లండన్‌లో పోవడం లేదు. అప్పుడు ఇంగ్లండు డార్సెట్ హార్న్ పొట్టేళ్లను, ఉన్ని లేని నల్లతల పర్షియన్ గొర్రెలతో కలిపారు. రెండు పేర్లు కలిపితే డార్పర్ అయింది. తెల్ల ఒంటికి ఆ నల్లతల అక్కడిదే. తర్వాత ఏండ్ల తరబడి తమ బీళ్లలోనే మేపుతూ ఏరుకుంటూ పోయారు. 1950లో పెంపకందార్ల సంఘం పెట్టుకున్నారు. కాబట్టి డార్పర్ ఆకాశం నుంచి ఊడిపడ్డ జాతి కాదు. మెట్ట రైతులు తమ నేలలో, తమ లెక్కతో కట్టుకున్న జాతి. దాంట్లో మనకు పాఠం పొట్టేలు కాదు, వాళ్లు కట్టుకున్న పద్ధతి.

పలమనేరులో జరిగింది

విదేశీ మాంసపు పొట్టేలును మన గొర్రె మీద వదిలి చూడటం కొత్త ఆలోచన కాదు. మన నేల మీదే యాభై ఏండ్ల కింద జరిగింది. 1962లో రాజస్థాన్‌లో కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధనా సంస్థ పెట్టారు, ఆ చోటును అవికానగర్ అంటారు. 1971లో గొర్రెల పెంపకం మీద దేశవ్యాప్త సమన్వయ పథకం మొదలైంది. మాంసం కోసం పనిచేసిన కేంద్రాల్లో ఒకటి మన చిత్తూరు జిల్లా పలమనేరు. అక్కడ నెల్లూరు, కర్ణాటక మాండ్య గొర్రెల మీద డార్సెట్, సఫోక్ పొట్టేళ్లను కలిపారు. ఆరు నెలలకు 30 కిలోల పిల్ల రావాలనేది గురి.

కొట్టంలో కడుపునిండా దాణా పెట్టినచోట సంకర పిల్లలు బాగానే పెరిగినయి. కానీ మన కాపరి మంద కొట్టంలో ఉండదు. పొద్దంతా ఎండలో నడిచి, దొరికింది మేసే చోట ఆ ముందంజ నిలవలేదు. వేడి, పురుగులు, రోగాలు కలిసి దాన్ని తినేసినయి. 1990 నాటికి పథకం తీరే మారింది. విదేశీ సంకరం పక్కకు పోయి, దేశీ జాతుల్లోనే మంచి పొట్టేళ్లను ఏరే పని ముందుకొచ్చింది. పలమనేరులో నెల్లూరు జాతినే పట్టుకున్నారు.

ఇక్కడ పొట్టేలును ఎంచింది శాస్త్రవేత్త. తూచి, రాసి, నిజాయితీగానే ఎంచాడు. కానీ తూచింది ఫారం దాణా మీద. మన బీడు ఆ లెక్కలో లేదు. ఎంత పెద్ద యంత్రమైనా డీజిల్ లేకపోతే ఇనుమే గదా. డార్సెట్ రక్తం కూడా అంతే, అడిగిన మేత పెట్టకపోతే అది మన గొర్రె కంటే ముందు చిక్కిపోతది.

మహారాష్ట్ర ఫల్టణ్‌లో ఇంకో దారి పట్టారు. సుందర్‌బన్స్‌లో గరోల్ అనే బుడ్డ గొర్రె ఉంది, కవలలు ఈనే గుణం దాని రక్తంలో ఉంది. ఆ గుణాన్ని దక్కనీ గొర్రెలోకి తెచ్చి నారి సువర్ణ అనే రకాన్ని తీశారు. ఒళ్లు పెంచకుండా పిల్లల లెక్క పెంచారు. మంచి ఆలోచనే, కానీ అదీ ఊరికే రాదు. రెండు పిల్లలకు సరిపడా పాలు తల్లికి ఉండాలి, అంటే చూడి చివర్లో దాణా పెట్టాలి. పెట్టలేని చోట కవలలంటే రెండు చావులు.

లారీలో వచ్చిన మంద

2017 జూన్ 20న కొండపాకలో గొర్రెల పంపిణీ మొదలైంది మీ అందరికీ తెలుసు. 20 గొర్రెలు, ఒక పొట్టేలు, యూనిట్ 1,25,000 రూపాయలు, అందులో 75 శాతం సబ్సిడీ. మన వాటా 31,250. గొర్లను పక్క రాష్ట్రాల నుంచి తెచ్చారు. 2012 లెక్కల్లో తెలంగాణ గొర్రెలు 1.28 కోట్లు, 2019 లెక్కల్లో 1.9 కోట్లు. దేశంలో మొదటి స్థానం మనదే. చాలా ఇళ్లు దాంతో నిలబడ్డయి, ఆ మాట ఒప్పుకోవాలె.

కానీ పొట్టేలును ఎవరు ఎంచారు? యూనిట్ ఎంచింది. ఇరవై ఒక్క తలలు లెక్కకు రావాలి, లారీ నిండాలి. ఏ నేల గొర్రె, ఏ మేత అలవాటు, ఏ తల్లి కొడుకు అని అడిగే తీరిక ఎవరికీ లేదు. నా మందలోకి కూడా ఆ రోజుల్లో బయటి పొట్టేలు వచ్చింది. చూడ్డానికి ఏనుగు పిల్ల. మొదటి వానాకాలంలోనే ముక్కు కారింది, పారుడు పట్టింది. దాన్ని వేరుగా కట్టేయకుండా వచ్చిన రోజే మందలో కలిపింది నేనే. అది పోయింది, దాంతోపాటు తొమ్మిది పిల్లలు పోయినయి. తప్పు పొట్టేలుది కాదు, నాది. ఆ తర్వాతే నేను కాటా కొన్న.

మరి ఇప్పుడేం చేద్దాం

చరిత్రంతా చెప్పి చేతులు దులుపుకుంటే మీరు తిడతరు. నాకు పని చేసినవి రాస్తున్న.

ముందు కాటా. వేలాడే స్ప్రింగ్ కాటా, ఒక సంచి, ఒక నోటుబుక్కు. పుట్టిన రోజు, మూడు నెలలకు, ఆరు నెలలకు, మూడుసార్లు తూచండి. పిల్ల పక్కన తల్లి నంబరు రాయండి. రోజుకు 100 గ్రాములు పెరిగే పిల్ల మూడు నెలల్లో 9 కిలోలు కడతది. 150 గ్రాములు పెరిగేది పదమూడున్నర. మూడు నెలల దాకా పెరుగుదల ఎక్కువగా తల్లి పాలది. కాబట్టి ఆ లెక్క తల్లిని చూపిస్తది. ఆ తర్వాతి మూడు నెలలు పిల్ల సొంత గుణం, మీ మేత చూపిస్తది.

పొట్టేలును ఆ బుక్కులోంచే ఎంచండి. ఇరవై, ఇరవై ఐదు గొర్లకు ఒకటి చాలు. రెండేండ్లకోసారి మార్చండి, లేకుంటే తండ్రి బిడ్డల మీదే పడుతడు. మార్చేటప్పుడు పక్క ఊరి మందతో మార్పిడి చేసుకోవచ్చు, వాళ్లు కూడా తూచే వాళ్లైతే ఇంకా మంచిది. బయటి నుంచి ఏ జీవం వచ్చినా మూడు వారాలు వేరే దొడ్డి.

కాలం చూసి దాటించండి. తొలకరి గడ్డికి జూన్, జూలైలో గొర్లు ఎదకొస్తే అయిదు నెలలకు, నవంబర్, డిసెంబర్‌లో ఈనుతయి. అప్పుడు వరి కొయ్యకాళ్లు, పల్లి కట్టె, కంది పొట్టు ఉంటది. దాటించే ముందు మూడు వారాలు తల్లికి రోజూ పావుకిలో దాకా గింజలు పెడితే ఎద, కవలలు రెండూ బాగుంటయి. చూడి చివరి నెలన్నర మళ్లీ దాణా. పుట్టిన పిల్లకు గంట లోపు జున్నుపాలు, బొడ్డుకు అయోడిన్.

పిల్లకు పదిహేను రోజుల నుంచే తల్లి దూరలేని చిన్న గూడు కట్టి దాణా అలవాటు చేయండి. మక్కలు సగం, మిగతా సగం పల్లి చెక్క, తవుడు, కొంచెం ఖనిజ మిశ్రమం, ఉప్పు. ఒక్కసారిగా గింజలు పెంచొద్దు. బాగా పెరుగుతున్న పిల్లే చిటుకు రోగంతో తెల్లారేసరికి పడిపోతది. అందుకే వానలకు ముందే చిటుకు రోగానికి టీకా, డాక్టర్‌ను అడిగి పీపీఆర్, బొబ్బ రోగం, నీలినాలుకకు టీకాలు. నట్టల మందు వానకు ముందు, వాన తర్వాత. మన ఆయకట్టు వాళ్లకు మామూలు నట్టల మందు చాలదు, జలగకు పనిచేసే మందు వేరు, డాక్టర్‌ను అడిగి తీసుకోండి. పొద్దున మంచు ఆరకముందు కాలువ గట్టు మీదికి తోలొద్దు.

అమ్మేటప్పుడు మీ కాటా బయట పెట్టండి. దళారి నవ్వుతడు, నవ్వనీయండి. బతికున్న బరువులో మాంసం సగానికి కొంచెం తక్కువ పడుతది, ఆ లెక్క మీకూ తెలిస్తే కంటి అంచనా దగ్గర మోసపోరు. బక్రీద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతది, అది చూసుకొని పొట్టేళ్లను నిలపండి.

ఇక జాతి మాట. ఆయకట్టు వాళ్లకు, కొంచెం దాణా పెట్టగలిగిన వాళ్లకు నెల్లూరు, మాచర్ల రకాల్లోనే తూచి ఏరిన పొట్టేలు చాలు. దూరం మేపే మెట్ట వాళ్లు నల్లగొర్రెను పూర్తిగా వదలొద్దు. తల్లిగా దాన్నే ఉంచుకొని, అమ్మే పిల్లలకు మాత్రం నెల్లూరు పొట్టేలును వాడండి, ఆస్ట్రేలియా వాళ్లు మెరినోను ఉంచుకున్నట్టు. కానీ ఏటా కొన్ని నల్లగొర్లను నల్ల పొట్టేలుకే దాటించాలి, లేకుంటే తల్లులు అయిపోతయి. నా భయమంతా అదే. నల్ల పొట్టేలు వెతికినా దొరకని ఊర్లు ఇప్పటికే ఉన్నయి. కరువు మళ్లీ రాదని ఎవరూ రాసివ్వలేదు. వచ్చిన రోజు కాలువ ఎండితే, ముళ్లకంప తిని నిలబడే గొర్రెను ఏ లారీలో తెప్పించుకుంటం?

డార్పర్ వద్దే వద్దు అనను. కొట్టంలో పెంచేవాడు, పచ్చిమేత సొంతంగా ఉన్నవాడు, అమ్మేచోట తూకం మీద ధర వచ్చేవాడు చూసుకోవచ్చు. మిగతా వాళ్లకు అది ఫోన్లో బొమ్మగానే బాగుంటది.

ఆ పిల్లగాడు వారం తర్వాత మళ్లీ వచ్చిండు. నా కాటా తీస్కపోయి, దాదాపు ఒకే వయసున్న పిల్లలను తూచిండంట. ఒకటి 8 కిలోలు, ఇంకోటి 13 కిలోలు. అదే మంద, అదే బీడు, అదే నీళ్లు.

"అన్నా, ఐదు కిలోలు తేడా ఉంది, నాకు ఇన్నాళ్లూ కనపడనే లేదు" అన్నడు.

"ఆ పదమూడు కిలోల దాని తల్లి ఏదో తెలుసా?" అని అడిగిన.

"తెల్వదు. ఈసారి ఈతకు తెలుస్తది" అన్నడు. అప్పు సంగతి ఎత్తలేదు.

మీ మందలో మూడు నెలల పిల్లలు ఎంత తూగుతున్నయో తూచి కింద రాయండి. ఎక్కువ తూగిన మందల వాళ్లం ఒకరికొకరం పొట్టేళ్లు మార్చుకుందాం. ఇన్నేండ్లూ మన పొట్టేలును వేరేవాళ్లు ఎంచారు, ఈసారి మనం ఎంచుదాం.